మహారాజశ్రీ ఫ్రీ డౌన్‌లోడ్ బటన్ గారికి

మహారాజశ్రీ ఆకుపచ్చ ఫ్రీ డౌన్‌లోడ్ బటన్ గారికి, చెన్నై సాలిగ్రామం నుంచి ఒక వీడియో ఎడిటర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా హార్డ్ డిస్కూ ప్రస్తుతానికి బాగానే ఉన్నాం. తమరు పేజీకి నాలుగైదు అవతారాల్లో క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను.

అవతారాలని ఊరికే అనలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్లగిన్ కోసం పేజీ తెరిస్తే పైన ఒకరు, పక్కన ఒకరు, మధ్యలో మెరుస్తూ ఇంకొకరు. అందరూ తమరే. నొక్కితే ఒకరు యాంటీవైరస్ అంటగడతారు, ఒకరు రమ్మీ ఆడమంటారు, మరొకరు బ్రౌజర్ మార్చమంటారు. అసలు ఫైలు లింకు మాత్రం పేజీ అడుగున, నీలం రంగు సన్నటి అక్షరాల్లో, పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా ఓ మూల నిలబడి ఉంటుంది.

మా అసిస్టెంటుది నాయుడుపేట. మంచి కుర్రాడు, తమరంటే అమిత భక్తి. "అన్నా, ఐదు వేల ట్రాన్సిషన్లు ఫ్రీ అంట" అని పరిగెత్తుకొస్తాడు. ట్రాన్సిషన్ అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారేటప్పుడు వేసే హంగు. తమరు ముందు ఈమెయిల్ అడిగారు, ఇచ్చాడు. ఫోన్ నంబర్ అడిగారు, ఇచ్చాడు. నాది. జిప్ ఫైలు దిగింది, దానికి పాస్‌వర్డ్ ఉంది. పాస్‌వర్డ్ కావాలంటే ఒక వీడియో చివరిదాకా చూడాలి, ఛానెల్ సబ్‌స్క్రైబ్ చేయాలి. అన్నీ చేసి తెరిస్తే లోపల ఒక నోట్‌ప్యాడ్ చీటీ: "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపేయండి." ఇంటికొచ్చిన దొంగ కూడా కుక్కను కట్టేయమని ఇంత మర్యాదగా అడగడు.

సరే, ట్రాన్సిషన్ల సంగతే చూద్దాం. నేనుండే అరుణాచలం రోడ్డులోనే ప్రసాద్ ల్యాబ్ ఉంది. ఫిల్మ్ మీద ఎడిటింగ్ జరిగే కాలంలో ఒక్క డిజాల్వ్, అంటే ఒక షాట్ కరిగి ఇంకో షాట్‌గా మారడం, కావాలన్నా పాజిటివ్ మీద గ్రీజు పెన్సిల్‌తో గీత గీసి, ఆప్టికల్స్‌కి పంపి, అది తయారై వచ్చేదాకా ఎదురుచూడాలి. ఖర్చు వేరే. అందుకని డైరెక్టర్ గారు "ఇక్కడ డిజాల్వ్ నిజంగా కావాలా?" అని కాఫీ తాగుతూ కాసేపు ఆలోచించేవారు. ముప్పై అయిదు ఎం.ఎం. ఫిల్మ్ అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. చేత్తో కొలిచి, కత్తిరించి, అతికించాలి కాబట్టి ప్రతి కట్‌కీ ఒక కారణం ఉండేది.

తమరి దయవల్ల ఇప్పుడు కారణాలతో పనిలేదు. పెళ్లికూతురు మండపంలోంచి భోజనాల హాల్లోకి అడుగుపెట్టే లోపు తెర అద్దంలా పగులుతుంది, పుస్తకంలా తిరుగుతుంది, మంటల్లో కాలుతుంది. అవతల సాంబారు వడ్డిస్తున్నారంతే. కట్ అనే వస్తువును మాత్రం ఎవరూ జిప్‌లో పెట్టి పంచరు. అది సాఫ్ట్‌వేర్ పుట్టినప్పటి నుంచీ లోపలే ఉంది, ఊరికే వస్తుంది. అందుకే దానికి గిరాకీ లేదు.

"సినిమాటిక్ ల్యూట్స్ ఫ్రీ" అని మరో అవతారం ఎత్తారు. ల్యూట్ అంటే అంకెలతో నిండిన ఫైలు. వచ్చిన రంగును ఏ రంగుగా మార్చాలో చెబుతుంది. వాటిలో చాలావరకు లాగ్‌లో తీసిన బొమ్మ కోసం, అంటే తర్వాత రంగులు దిద్దుకోవడానికి కావాలనే వెలిసినట్టు తీసే బొమ్మ కోసం చేసినవి. మామూలు ప్రొఫైల్‌లో తీసిన పెళ్లి వీడియో మీద వేస్తే నల్లవి మరింత నల్లబడి, ఎర్రవి మండిపోతాయి. మంగళస్నానంలో అత్తలు పూసిన పసుపు చాలదన్నట్టు తమరు రెండోసారి పూశారు. పెళ్లికూతురు తండ్రి ఫోన్ చేసి "మా అమ్మాయికి కామెర్లు ఎప్పుడొచ్చాయండీ?" అన్నారు.

తెలుగు ఫాంట్ల దగ్గర తమరి ఔదార్యం మరీ ఎక్కువ. "వందల తెలుగు ఫాంట్లు, ఒకే క్లిక్" అంటారు. తెరిస్తే సగం పాత డీటీపీ ఫాంట్లు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు వాటిలో రానే రాదు. అదే గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రామభద్ర, సూరన్న, మండలి అందరూ ఉన్నారు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి సినిమా టైటిల్‌కి వాడుకున్నా ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. రాయలవారి అష్టదిగ్గజాల్లో ఆరుగురు ఈమెయిల్ కూడా అడక్కుండా వచ్చి కూర్చుంటామంటే, మా కుర్రాడు తమరిచ్చిన జిప్ పట్టుకుని పాస్‌వర్డ్ వెతుకుతున్నాడు.

ఫాంట్ మంచిదైతే సరిపోదు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో "శ్రీరస్తు" అని కొడితే వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడొచ్చు. మందు ఒకటే. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్‌ని "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్" అని మార్చాలి. మన అక్షరం బాగుపడాలంటే అరబ్బీ అక్షరంతో కలిసి ఒకే బండి ఎక్కాలన్నమాట. కడప, కోనసీమ వాళ్లకు గల్ఫ్ బాట కొత్తేం కాదు లెండి. ఈ ఒక్క మార్పు చెప్పడానికి తమరి వంశంలో ఏ బటనూ ముందుకు రాలేదు. దిగడానికి ఫైలు లేదు కదా, తమరికి గిట్టుబాటేముంది?

నిజంగా ఉచితమైనవాళ్లు లేరని కాదు. వాళ్లకు ఆర్భాటం తెలియదు, అదే వచ్చిన చిక్కు. ఎవరో హరికథ మొత్తం ఫోన్‌లో తీసి పంపుతారు. ఫోన్ ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల లెక్కను, తనకు తోచినట్టు పెంచుతూ తగ్గిస్తూ తీస్తుంది. టైమ్‌లైన్ మీద వేస్తే మొదట్లో బాగానే ఉంటుంది, మంగళం పాడే వేళకు దాసుగారి చిడతలు ఒకచోట, చప్పుడు ఇంకోచోట. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో చూస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర "వేరియబుల్" అని ఉంటుంది. వీడియోను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" పెట్టి మార్చుకుంటే దాసుగారు తాళంలో పడతారు. రెండూ ఉచితం. ఐదు వేల ట్రాన్సిషన్లలో ఒక్కటి కూడా ఈ పని చేయదు.

హ్యాండ్‌బ్రేక్ వెనక, వీడియోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఉంది. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టాడు. తమరు రోజూ అంటగట్టే వీడియో కన్వర్టర్లలో చాలావాటి పొట్ట విప్పితే లోపల పనిచేసేది ఇదే. పైన రంగు, వాటర్‌మార్కు, నెల చందా మాత్రం తమరివి. విశేషం ఏమిటంటే దాని పేజీలోనూ పెద్ద ఆకుపచ్చ బటన్ ఉంది. తమరి వంశంలో పుట్టిన ఒకే ఒక్క హరిశ్చంద్రుడు. నొక్కితే చెప్పిన ఫైలే దిగుతుంది, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం. మా కుర్రాడు దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, "ఇందులో సెటప్ ఏదన్నా?" అన్నాడు. అప్పటినుంచి వాడికి నిజాయితీ మీదే నమ్మకం పోయింది.

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని కూడా ఫ్రీ అనే అంటారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కొనక ముందు సినిమా రంగులు దిద్దే డావిన్చి కలర్ గ్రేడింగ్ సిస్టమ్ ధర లక్షల డాలర్లలో ఉండేది, పెద్ద ల్యాబులకే ఆ భాగ్యం. ఇప్పుడు ఉచిత వెర్షన్‌తో ఒక సినిమా కూర్చేయొచ్చు. అల్ట్రా హెచ్‌డీ దాటదు, నాయిస్ రిడక్షన్ కావాలంటే డబ్బు కట్టి స్టూడియో వెర్షన్ కొనాలి. ఆ మాట ముందే చెబుతారు. వాళ్ల బతుకుతెరువు కెమెరాలు, కంట్రోల్ ప్యానెళ్లు అమ్ముకోవడం. వ్యాపారమే, కానీ జేబు ఎక్కడుందో కనిపించే వ్యాపారం. తమరి జేబు ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా నంబర్‌కి మాత్రం రోజూ పర్సనల్ లోన్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు.

ఇవన్నీ భరించవచ్చు. తమరి పేరు మా కస్టమర్ల దాకా పాకింది, అక్కడే నా ప్రాణం పోతోంది. నెల్లూరు నుంచి ఒక పెద్దమనిషి కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో ఇచ్చారు. నాలుగు కెమెరాలు, ఒక డ్రోను, మేనమామ ఫోన్‌లో తీసినవి అదనం. బిల్లు చూసి ఆయన కోప్పడలేదు, జాలిపడ్డారు. "సాఫ్ట్‌వేర్ ఫ్రీయే కదా తమ్ముడూ, మావాడు చూపించాడు. మరి ఈ డబ్బు దేనికి?" అన్నారు. నేను కూర్చున్న కుర్చీకి, కాలే కరెంటుకి, మేనమామ వీడియోలో ఆయన బొటనవేలు అడ్డం రాని నిమిషం వెతకడానికి పట్టిన రాత్రికి ఫ్రీ వెర్షన్ రాలేదండీ అన్నాను. "వస్తుందిలే, ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది" అని ధైర్యం చెప్పి పెట్టేశారు.

కాబట్టి తమరికి ఒక విన్నపం. ఇన్ని అవతారాలు ఎత్తారు, ఇంకొక్కటి ఎత్తండి. ఆ పెద్దమనిషి ఫోన్‌లో, పొద్దున్నే ఆయన గుడ్ మార్నింగ్ మెసేజీలు పంపే వేళకు, తెర నిండా ఆకుపచ్చగా ప్రత్యక్షమవ్వండి. మీద "ఫ్రీ" అనే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయన ఎక్కడ నొక్కినా నా బాకీ నా ఖాతాలో పడాలి. మూసేసే ఇంటూ గుర్తు కూడా, తమరికి అలవాటే కదా, కనిపించనంత చిన్నదిగా పెట్టండి.

ఇట్లు,
తమరి వల్ల రెండుసార్లు విండోస్ మార్చుకున్న
సాలిగ్రామం ఎడిటర్