బిగ్ బాస్ ఫైనల్ సూట్‌కేసు గారికి

మహారాజశ్రీ సూట్‌కేసు గారికి,

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో జమాఖర్చులు రాసుకునే గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఏడాది పొడవునా మీరు ఏ బీరువాలో విశ్రాంతి తీసుకుంటారో తెలియదు కానీ, ఫైనల్ రోజు రాత్రి మాత్రం నగదు నింపుకుని ముస్తాబై, పోటీదారులను తాళం వేసి ఉంచే ఆ టీవీ ఆట ఇంట్లోకి వస్తారు. అప్పటికి మేము నూరు రోజులకు పైగా అలకలు, ఓదార్పులు, గుడ్ల లెక్క మీద వంటగది తగాదాలు, నామినేషన్ల పేరుతో మొహాన పూసిన రంగులు, శనివారం తిట్లు, ఆదివారం ఎలిమినేషన్లు చూసి అలసిపోయి ఉంటాం. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో సూటిగా ఒక్క మాట మాట్లాడినది మీరొక్కరే. నోరు లేకపోయినా మీరు అడిగేది ఒకటే ప్రశ్న: ట్రోఫీ మీద ఆశ వదులుకుని, ఎంతకైతే వెళ్లిపోతావు?

తక్కినవారి వరస వేరు. మొదటి రోజు వేదిక ఎక్కగానే అందరిదీ ఒకే పాఠం. డబ్బు కోసం రాలేదు, పేరు కోసమూ రాలేదు, నేనేమిటో నిరూపించుకోవడానికి వచ్చాను. ఎవరికి నిరూపించాలో చెప్పరు. అడిగే ఆచారమూ లేదు. వారానికి ఇంత చొప్పున పారితోషికం ఉంటుందని ఊరంతా అనుకుంటుంది. ఎంతో వారూ చెప్పరు, ఇచ్చేవారూ చెప్పరు. జనం ప్రేమ ఎంత దొరికిందో మాత్రం కన్నీళ్లతో చెప్పుకుంటారు. ప్రేమకు రశీదు అక్కర్లేదు కదా.

మీ ఆట 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. దేశాలు తిరిగి, హిందీలో స్థిరపడి, 2017లో తెలుగులోకి వచ్చింది. మొదటి ఏడాది ఇల్లు లోనావాలాలో వేశారు. జూనియర్ ఎన్టీఆర్ నడిపించిన ఆ 70 రోజుల ఆటలో శివబాలాజీ 50 లక్షలు గెలిచారు. మరుసటి ఏడాది ఆటను హైదరాబాదు తెచ్చారు, రోజులు నూరు దాటించారు. సామాన్యులకూ తలుపు తీశామన్నారు. కౌశల్ అనే పోటీదారు పేరు మీద అభిమానుల ఆర్మీ ఒకటి ఏర్పడి నగరంలో పరుగు కూడా పెట్టింది. మనిషి ఇంట్లో తాళం వేసి ఉండగా అతని కోసం జనం వీధిలో పరుగెత్తడం మొదట వింతగా ఉండేది. ఇప్పుడు ఆర్మీ లేని పోటీదారుణ్ణి చూస్తేనే జాలి వేస్తోంది.

ఇక నా వృత్తికి సంబంధించిన విషయానికి వస్తాను. మీ లెక్కల్లో ఒక చమత్కారం ఉంది. అది పదిమందికీ తెలియాలనే ఈ లేఖ.

2020లో ముగ్గురు మిగిలారు. మీరు 25 లక్షలతో వెళ్లారు. సోహెల్ తీసుకుని బయటికి వచ్చారు. అభిజిత్ విజేత అయ్యారు. ఆయనకు దక్కింది 25 లక్షలు. 2023లో ప్రిన్స్ యావర్ 15 లక్షలతో సరిపెట్టుకుని వచ్చేశారు. విజేత పల్లవి ప్రశాంత్‌కు మిగిలినవి 35 లక్షలు. రెండు పద్దులూ కూడి చూడండి. రెండుసార్లూ విజేతకని పెట్టిన 50 లక్షలే వస్తుంది, పైసా అటూ ఇటూ కాదు.

అంటే, సూట్‌కేసు గారూ, మీలో ఉన్నది కొత్త సొమ్ము కాదు. పక్క కుర్చీలో కూర్చున్నవారి జేబులోది. ఇచ్చేది ఒక పోటీదారు, పుచ్చుకునేది మరో పోటీదారు, దాతృత్వపు చిరునవ్వు మాత్రం చానల్‌ది. దానికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేకుండా, సీజన్ మొత్తంలో జనం కన్నార్పకుండా చూసే ఘట్టం చేతికొస్తుంది. మా దుకాణం యజమాని ఈ కిటుకు వింటే రేపటి నుంచి నా బోనస్‌ను పక్క గుమాస్తా జీతంలోంచి కోసి ఇస్తాడు. అందుకే ఆయనకు చెప్పలేదు.

2022 సంగతి విడిగా చెప్పుకోవాలి. చివరికి ఇద్దరు మిగిలారు, రేవంత్, శ్రీహాన్. ఆట నడిపించిన నాగార్జున గారు మీ ధర పెంచుకుంటూ పోయి 40 లక్షల దగ్గర నిలిపారు. శ్రీహాన్ ఒప్పుకున్నారు. రేవంత్ చేతికి ట్రోఫీ, 10 లక్షల నగదు వచ్చాయి (కారూ ఇంటి స్థలమూ కూడా ఇచ్చారు, అన్యాయంగా చెప్పకూడదు). అంతా అయ్యాక నాగార్జున గారే ఒక మాట బయటపెట్టారు: స్వల్ప తేడాతోనైనా ఓట్లు ఎక్కువ వచ్చింది శ్రీహాన్‌కు.

ఇప్పుడు చెప్పండి. ఎక్కువ ఓట్లు వచ్చినవారు రన్నరప్, చేతిలో 40 లక్షలు. తక్కువ ఓట్లు వచ్చినవారు విజేత, చేతిలో 10 లక్షలు. ఇద్దరిలో గెలిచినవారెవరు? నగదు పుస్తకం ఒకటి చెబుతుంది, ట్రోఫీ ఇంకొకటి చెబుతుంది, ఓట్ల పెట్టె నగదు పుస్తకం పక్కన నిలబడుతుంది, పేరు మాత్రం ట్రోఫీదే. ఇరవై ఏళ్లకు పైగా పద్దులు రాస్తున్నాను. దీన్ని ఏ ఖాతా కింద రాయాలో ఇప్పటికీ తోచలేదు.

ఇక్కడ ఆ ఇంటి కట్టుబాటు గుర్తు తెచ్చుకోవాలి. లోపల ఫోను ఉండదు. గడియారం ఉండదు. పేపరు రాదు. బయట తన పేరు మారుమోగుతోందో, తనను బూతులు తిడుతున్నారో మనిషికి తెలియదు. చిన్నప్పుడు మా ఊరి పశువుల సంతలో బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకునేవారు. చుట్టూ నిలబడినవారికి ధర తెలిసేది కాదు, అమ్మేవాడికీ కొనేవాడికీ తెలిసేది. మీ సంతలో ఏర్పాటు తలకిందులు. ధర రాష్ట్రమంతా వింటుంది. ఓట్ల సంఖ్య మాత్రం తువ్వాలు కింద ఉంటుంది, ఆ వేళ్లు తడిమి చూసే హక్కు బేరానికి నిలబడిన మనిషికి లేదు. తన విలువ తెలియనివాణ్ణి నిలబెట్టి, తెలిసినవారు "నీ ఇష్టం, బాగా ఆలోచించుకో" అంటారు. ఏమి ఆలోచిస్తాడు పాపం? ఇంటి అప్పు గురించి ఆలోచిస్తాడు. చెల్లెలి పెళ్లి గురించి ఆలోచిస్తాడు. మా మేనత్త అయితే ప్రతి ఫైనల్‌కూ టీవీ ముందు నిలబడి "తీసుకుని రా నాయనా, ఆ కప్పుతో కాఫీ కూడా తాగలేవు" అని అరుస్తుంది. ఇన్నేళ్లలో ఆమెతో సంబంధం లేకుండా ఆమె మాట విన్నవారు కొందరున్నారు.

వినకపోతే ఏమవుతుందో కూడా చూశాం. మిమ్మల్ని కాదన్నవాడికి ఆ క్షణాన హాలు దద్దరిల్లేలా చప్పట్లు. "జెన్యూన్" అని బిరుదు. పది నిమిషాల తర్వాత అతనే మూడో స్థానంలో బయటికి వస్తే, మరునాటి నుంచి ప్రతి యూట్యూబ్ ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న: "అప్పుడు తీసుకుని ఉంటే బాగుండేదని అనిపించిందా?" తీసుకున్నవాడికీ సుఖం లేదు. అతణ్ణి "తెలివైనవాడు" అంటారు. మనవాళ్లు ఆ మాట ఎప్పుడు పొగడ్తగా వాడారు లెండి.

గెలిచినవారి వైభవమైనా ఎంతకాలం? 2020 నుంచి ఆట ఏటా సెప్టెంబరులో మొదలై డిసెంబరులో ముగుస్తోంది. కాబట్టి డిసెంబరులో గెలిచినవారి పేరు మళ్లీ సెప్టెంబరు దాకా చెల్లుతుంది. ఆ తొమ్మిది నెలల్లోనే చీరల షోరూములకు రిబ్బన్లు కత్తిరించాలి, కాలేజీ వేడుకలకు వెళ్లాలి, సబ్బులను, జుట్టు నూనెలను ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రేమించాలి. ఆ తొందరలో కొందరు ఏ వస్తువును ప్రేమిస్తున్నామో చూసుకోరు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా, టీవీ, యూట్యూబ్ ప్రముఖుల మీద హైదరాబాదులో కేసులు పెట్టారు కదా, ఆ జాబితా చదువుతుంటే మా టీవీ తెరను మళ్లీ చూసినట్టే ఉంది. పేరు సంపాదించడం ఒక ఉద్యోగం, దాన్ని గడువు తీరకముందే ఖర్చు చేయడం ఇంకో ఉద్యోగం. రెండోదానికి శిక్షణ ఎవరూ ఇవ్వరు.

2023 ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానం పొంగి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. వారం తిరగకముందే విజేత అరెస్టు అయి బెయిలు మీద బయటికి వచ్చారు. కేసులో తప్పొప్పులు కోర్టు చూసుకుంటుంది. నేను అడిగేది బస్సు సంగతి. అది 50 లక్షల్లో లేదు, మీలోనూ లేదు. మా ప్రేమ ఖర్చు కూడా ఎవరో ఒకరు ఏదో ఒక పద్దులో రాసుకోవాలి, అది ప్రయాణికుల పద్దులో పడింది.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. 2019లో గెలిచిన రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదిక మీద పాడారు. ఆ రాత్రి అక్కడ ఆయన గొంతు తప్ప మీ ట్రోఫీ ఎవరికీ గుర్తు లేదు. ఆ గొంతు మీ ఇంట్లోకి అడుగు పెట్టకముందు నుంచీ ఉంది, మీరిచ్చింది కాదు.

గంగవ్వ ముందు మాత్రం మీరు తెరుచుకున్నా లాభం ఉండేది కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి, యూట్యూబ్ వీడియోల పుణ్యమా అని 2020లో ఆ ఇంట్లోకి వచ్చిందామె. నేనేమిటో నిరూపించుకుంటానని అనలేదు. ఇల్లు కట్టుకోవాలి అంది. ఆరోగ్యం బాగాలేదు, పంపించండి అని తానే అడిగి మధ్యలోనే వెళ్లిపోయింది. ఇల్లు కట్టుకుంది. ఫైనల్ దాకా ఆగలేదు కాబట్టి మీకూ ఆమెకూ పరిచయం కాలేదు. అయి ఉంటే బేరం చూడముచ్చటగా ఉండేది. తనకు ఎన్ని గదులు కావాలో, ఇటుకకు ఎంత అవుతుందో ముందే తెలిసిన మనిషికి "నీ విలువ ఎంత" అనే ప్రశ్న అర్థం కాదు. "నా విలువతో నీకేం పని బిడ్డా, సిమెంటు ధర చెప్పు" అని ఉండేదేమో. 2024లో మళ్లీ వైల్డ్ కార్డుగా, అంటే ఆట మధ్యలో, వచ్చినప్పుడూ ఆమె మొహంలో నిరూపించుకునే కంగారు ఏమీ కనిపించలేదు.

చివరగా నా విన్నపం. ఎప్పుడూ పోటీదారుల ముందే తెరుచుకుంటారు, ఒక్కసారి అటు తిరగండి. వచ్చే ఫైనల్లో చానల్ పెద్దలను సోఫాలో వరసగా కూర్చోబెట్టండి. ఫోన్లు తీసుకోండి, గడియారం దాచేయండి. ఎంత ఇస్తే పోటీదారుల వారం పారితోషికాలు చదివి వినిపిస్తారో అడగండి. ఎంత ఇస్తే ప్రతి శనివారం ఓట్ల సంఖ్యను తెర మీద వేస్తారో అడగండి. 20 లక్షల దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. వెనుక ఆ బాధ సంగీతం వేయించడం మరవకండి. పక్కవారి జేబులోంచి కోసిన సొమ్ముతోనే బేరం సాగాలన్న నియమం ఉంది కాబట్టి, అది ప్రకటనల ఆదాయంలోంచి కోసుకోవచ్చు. మా మేనత్త తప్పకుండా చూస్తుంది. ఈసారి ఆమె "తీసుకో" అంటుందో లేదో నాకూ ఆత్రంగానే ఉంది.

ఇట్లు,
తమ లెక్కలు సరిచూసుకుంటున్న
ఒక గుమాస్తా

తా.క.: ఈసారి మిమ్మల్ని పట్టుకుని బయటికి వచ్చేవారికి దయచేసి ఒక సమాచారం అందజేయండి. ఇలాంటి గెలుపు సొమ్ము మీద ఆదాయపు పన్ను నేరుగా 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. 40 లక్షలకు 12,48,000 రూపాయలు పోతుంది. 10 లక్షల విజేతకు 6,88,000 మిగులుతుంది. ఈ సొమ్ములోంచి ఖర్చులు మినహాయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి లోపల తొడిగిన బట్టల బిల్లులూ, బయట ఓట్ల ప్రచారం చేసిన బృందం బిల్లులూ ఆడిటరుకు చూపించి ప్రయోజనం లేదు. కారు గెలిచినవారు ముందు పన్ను కట్టాలి, తాళంచెవి ఆ తర్వాతే అడగాలి.