సైకిలు మోటారు కొనేటప్పుడు బరువెంతని ఎందుకు అడగరు?

నా పాత సైకిలుకు హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఇమిడి ఉండే మోటారు) బిగించుకుని, విజయవాడలో సత్యనారాయణపురం నుంచి ఆటోనగర్ దాకా రోజూ దాని మీదే వెళ్లి వస్తున్నానని తెలిసిన దగ్గర నుంచి, తెలిసినవారూ తెలియనివారూ నన్ను ఆపి సలహా అడుగుతున్నారు. అడగడం సంతోషమే కానీ, అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "ఎన్ని వాట్లది తీసుకోమంటారు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఆ ప్రశ్నే తప్పని ఒక్కసారి వివరంగా రాసి పెడదామని కూర్చున్నాను.

మోటారు మీద అచ్చువేసిన వాట్ల అంకెను మనం ఇంట్లో బల్బు మీది అంకెలా చదువుకుంటున్నాం. బల్బు తనకు రాసి ఉన్నంతే తీసుకుంటుంది, మోటారు అలా కాదు. దానికి ఎంత కరెంటు అందాలో నిర్ణయించేది కంట్రోలరు, ఎంత కరెంటు కావాలో నిర్ణయించేది చక్రం మీద పడిన భారం. 36 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల కంట్రోలరు తగిలిస్తే, 250 అని రాసి ఉన్న మోటారులోకే అవసరమైనప్పుడు 540 వాట్ల దాకా వెళుతుంది. అందుకే ఒకే మోటారు ఒక చోట 250 చీటీతోనూ, మరో చోట 350 చీటీతోనూ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అంకె వెనుక అర్థం ఉండాలంటే "ఎంతసేపు" అన్న మాట కూడా దాని పక్కన ఉండాలి. మన మోటారు వాహనాల నిబంధనలు ఆ మాటను వదలకుండా "ముప్పై నిమిషాల శక్తి" అని రాశాయి గానీ, దుకాణంలో ఆ మూడు పదాలూ ఎగిరిపోయి అంకె ఒక్కటే మిగులుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కన్నా మా బాబాయ్ మోటారు విప్పినప్పుడు బాగా తలకెక్కింది. బాబాయ్ మొగల్రాజపురం కొండ వాలులో ఉంటూ ఇడ్లీపిండి, దోసెపిండి డబ్బాలు సైకిలు మీద హోటళ్లకు వేస్తాడు. పోయిన వేసవిలో, "చాలా పవరుంది, కొండలైనా ఎక్కుతుంది" అన్న మాట నమ్మి ఒక చిన్న గేర్ హబ్ మోటారు బిగించుకున్నాడు. రెండు నెలలు తిరగకుండానే అది గరగరమని అరిచి, చక్రం కదలకుండా తాను మాత్రం లోపల తిరగడం మొదలుపెట్టింది. పక్క మూత మరలు తీసి చూస్తే, లోపల మూడు నైలాన్ పళ్ల చక్రాల్లో రెండింటికి పళ్లు పూర్తిగా అరిగిపోయి, గ్రీజు నిండా ముగ్గుపిండిలా తెల్లని పొడి కలిసి ఉంది. మూడో దానికి పళ్లున్నాయి కానీ, గోరుతో నొక్కితే ఒక పక్కకు వాలి ఉన్నట్టు తెలుస్తోంది. తీగచుట్టల మీది వార్నిష్ నల్లబడి కమురు వాసన వేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఈసారి వెయ్యి వాట్లది వేయించేద్దామా?" అన్నాడు బాబాయ్. ఏం చెప్పను?

లెక్క వేసి చూపించాను. నేను, నా సైకిలు, సంచీ కలిపి 110 కిలోలు అనుకుందాం. ఏలూరు రోడ్డు వంటి చదును దారిలో గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి గాలినీ టైరు ఒరిపిడినీ కలుపుకుని సుమారు 135 వాట్లు చాలు. బాబాయ్, సైకిలు, పిండి డబ్బాలు కలిపి 150 కిలోలు. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలును గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతాడనుకుంటే, ఆయనకు కావలసింది సుమారు 220 వాట్లు. ఇద్దరికీ 250 వాట్ల మోటారు సరిపోతుందని చీటీ చూసినవాడెవడైనా అంటాడు. కానీ అదే లెక్కను లాగుడులో, అంటే చక్రాన్ని తోసే బలంలో వేయండి. నా చక్రాన్ని ముందుకు తోయడానికి 22 న్యూటన్లు కావాలి, బాబాయ్ చక్రానికి 100 న్యూటన్లు కావాలి, అంటే నాలుగున్నర రెట్లు. మోటారులో లాగుడు కరెంటును బట్టి పెరుగుతుంది, రాగి తీగలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒకటిన్నర రెట్లకు కాస్త మించిన వాట్లకే, అదే మోటారులో వేడి దాదాపు ఇరవై రెట్లు పుట్టింది. మోటారును కాల్చింది ఆయన ఎక్కిన ఎత్తు కన్నా అంత బరువుతో అంత నెమ్మదిగా ఎక్కడమే, ఆ నెమ్మదితనాన్ని ఏ వాట్ల అంకె చెప్పదు.

ఇక గేరున్నదా గేరు లేనిదా అన్న వాదం. గేరు లేని మోటారులో అయస్కాంతాలు అంటించిన బయటి డిప్ప చక్రంతో పాటే తిరుగుతుంది. అరిగే పళ్లు లేవు, శబ్దం లేదు, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును బ్యాటరీకి తిప్పి పంపగలదు. ఈ చివరి మాటకే నేను మూడేళ్ల క్రితం పడిపోయి ఆరున్నర కిలోల గేరు లేని మోటారు కొన్నాను. తరువాత కాగితం మీద చూస్తే, 22 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడంలో నా సైకిలు పోగొట్టుకునేది అర వాట్-అవర్‌కు కాస్త ఎక్కువ మాత్రమే. దారిలో ఇరవై సార్లు ఆగి అందులో సగం తిరిగి రాబట్టినా, అది ఒక కిలోమీటరు లోపు ప్రయాణానికి సరిపోతుందేమో. ఒక సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర బ్యాటరీ అయిపోతే, అయస్కాంతాల పట్టును లాక్కుంటూ, బ్రేకు కట్టలు రిమ్ముకు రాసుకుంటున్న సైకిలు తొక్కినట్టుగా ఇంటికి చేరాను. ఆ రాత్రే దాన్ని అమ్మేయాలని నిర్ణయించుకున్నాను. గేర్ మోటారులో లోపలి క్లచ్ మూలంగా ఆ పీడ లేదు, కరెంటు లేకపోతే మామూలు సైకిలులాగే తొక్కుకోవచ్చు. లోపలి మోటారు చక్రం కన్నా నాలుగైదు రెట్ల వేగంతో తిరిగి ఆ వేగాన్ని లాగుడుగా మార్చుకుంటుంది కనుక, బరువులో సగమున్నా చక్రానికి చాలినంత బలాన్ని ఇస్తుంది. చదును దారిలో ఆగుతూ సాగుతూ ఆఫీసుకు వెళ్లే నాలాంటివారికి రెండున్నర కిలోల గేర్ మోటారు ధారాళంగా సరిపోతుందని నా గట్టి అభిప్రాయం.

దుకాణంలో అడగవలసిన మరో అంకె, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. 26 అంగుళాల చక్రం సుమారు 200 చుట్లు తిరిగితే గంటకు 25 కిలోమీటర్లు వస్తుంది. చిన్న చక్రాల సైకిళ్ల కోసం నిమిషానికి 328 చుట్లు తిరిగేలా తీగ చుట్టిన మోటారును మన పెద్ద చక్రంలో పెడితే, భారం లేకుండా 40 కిలోమీటర్ల వేగం చూపిస్తుంది. స్టాండు మీద నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పి చూపించే దుకాణదారుకు ఇంతకన్నా మంచి నాటకం దొరకదు. వేగానికి చుట్టినదైనా లాగుడుకు చుట్టినదైనా, లోపల రాగి అంతే ఉన్నప్పుడు ఒకే లాగుడుకు మోటారులో పుట్టే వేడి ఒకటేనన్నది నిజం. అయితే ఆ లాగుడుకే వేగపు చుట్టకు ఎక్కువ కరెంటు కావాలి. చిన్న కంట్రోలరు అది ఇవ్వలేదు, ఇవ్వబోతే అదే వేడెక్కుతుంది. పైగా మన నిబంధనల ప్రకారం ముప్పై నిమిషాల శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బండి మాత్రమే రిజిస్ట్రేషన్, లైసెన్సుల నుంచి తప్పించుకుంటుంది. వెయ్యి వాట్లది బిగించి "ఇది సైకిలేనండీ" అంటే చెల్లదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల సంగతి కూడా లెక్కలో ఉండాలి. 25 డిగ్రీల చల్లని ఊరిలో ఒక మోటారు ఎంత వేడిని ఓర్చుకుంటుందో, 44 డిగ్రీల విజయవాడలో దానికన్నా 19 డిగ్రీలు ముందే అంచుకు చేరుతుంది. లోపలి తీగచుట్టకూ బయటి డిప్పకూ మధ్య ఉన్నది సన్నని గాలి పొర కాబట్టి, బయట చేయి పెట్టి గోరువెచ్చగా ఉందనుకుంటే మోసపోతాం. నీరు ఇంకో శత్రువు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు మునిగిన ఒక హబ్ మోటారును తరువాత నేను విప్పి చూశాను. ఇనుప రేకుల మీద ఎర్రని తుప్పు పొరకట్టి, అయస్కాంతాలు ఎక్కడున్నాయో కంట్రోలరుకు చెప్పే హాల్ సెన్సర్ల కాళ్లు పచ్చబడి ఉన్నాయి. వరదకు ఎవరూ ఏమీ చేయలేరు గానీ, మామూలు వానకు మాత్రం ఇరుసులోంచి వచ్చే తీగను కిందికి ఒక వంపు తిప్పి కట్టుకుంటే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

బిగించడం గురించి ఒక్క మాట. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినంత బలంతోనే దాని ఇరుసు ఫోర్కు గాడిలో వెనక్కు తిరగబోతుంది. ముందు చక్రానికి పెడితే ఉక్కు ఫోర్కు ఉండాలి, అల్యూమినియం ఫోర్కుకు మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఎక్కడ పెట్టినా టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ తప్పనిసరి. వెనక మోటార్లకు సాధారణంగా 135 మిల్లీమీటర్ల ఎడం కావాలి. మన పాత నల్ల సైకిళ్లకు అంత ఎడం ఉండదు, కొనే ముందే స్కేలు పెట్టి చూసుకోవాలి.

బాబాయ్‌ని చివరకు ఆయన భాషలోనే అడిగాను: "బాబాయ్, నువ్వు పిండి ఎలా అమ్ముతావు?"

"కిలోల లెక్కన."

"మోటారు కూడా అలాగే కొను. రెండు కిలోలదానిలో రాగీ ఇనుమూ ఎంత ఉంటాయి, నాలుగున్నర కిలోలదానిలో ఎంత ఉంటాయి? రాగి ఎక్కువున్నది అదే లాగుడుకు తక్కువ వేడెక్కుతుంది."

ఆయన దుకాణంలో వాట్లు అడగకుండా తూకం అడిగితే, అక్కడి కుర్రాడు కాసేపు తెల్లబోయి, లోపల్నుంచి పిండి తూచే కాటా లాంటిదే ఒకటి తెచ్చి నిజంగానే తూచాడట. నాలుగు కిలోల మూడు వందల గ్రాముల గేర్ మోటారు, 13 గేజీ ఊచలతో వెనక చక్రానికి కట్టించాం. వాలు దగ్గర తానూ తొక్కాలనీ, డబ్బాలు రెండు విడతలుగా వేయాలనీ నేను పెట్టిన షరతుల్లో మొదటిది ఒప్పుకున్నాడు. రెండోది మాత్రం, "పొద్దున్నే ఆరింటికి హోటలు వాడు ఆగుతాడట్రా?" అని కొట్టిపారేశాడు.