కప్పు కారకముందే డబ్బివ్వండి

1899లో అమెరికాలోని మోంటానాలో, బిట్టర్‌రూట్ అడవిలో విల్కర్సన్, టటిల్ అనే ఇద్దరు రేంజర్లు చెట్లు కొట్టి, దుంగలు పేర్చి, పైన మట్టి కప్పి ఒక ఒంటిగది కట్టుకున్నారు. ఖర్చంతా సొంత జేబుల్లోంచే. అదే ఆల్టా రేంజర్ స్టేషన్. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ ఏర్పడింది 1905లో, అంటే శాఖ కంటే దాని ఆఫీసే ఆరేళ్లు పెద్దది!

1904లో ఆ స్థలం ఎవరిదో గనుల హక్కు కిందికి వస్తుందని తేలి రేంజర్లు ఖాళీ చేశారు. చివరికి 1941లో దగ్గర్లోని హామిల్టన్ లయన్స్ క్లబ్ వాళ్లు దాన్ని కొని ఫారెస్ట్ సర్వీస్‌కి ఇచ్చారు. కట్టింది ఉద్యోగుల డబ్బుతో, నిలబెట్టింది ఊరివాళ్ల డబ్బుతో. సర్కారు డబ్బుతో కట్టిన మొదటి స్టేషన్ వయోమింగ్‌లోని వాపిటి, 1903లో. కోడీ అనే ఊరి నుంచి యెల్లోస్టోన్ జాతీయ పార్కు తూర్పు గేటుకు పోయే రోడ్డు మీదే ఉంటుంది, వేసవి సెలవుల్లో ఆ దారిన వెళ్లే మన తెలుగువాళ్లు ఎంతమంది కారు ఆపుతారో మరి. 1963లో ఈ వాపిటి స్టేషన్‌కి జాతీయ చారిత్రక కట్టడం హోదా ఇచ్చారు.

హోదా మంచిదే, కానీ అది కప్పుకి రేకు వెయ్యదు. దుంగల ఇల్లు ఎక్కువగా కింది నుంచే పాడవుతుంది. కప్పు నుంచి జారిన నీళ్లు, గోడ పక్కన పేరుకున్న మంచు కలిసి నేలకి ఆనుకున్న మొదటి వరస దుంగని నానబెడతాయి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే సర్రున దిగిపోతుంది. అప్పుడు గోడ మొత్తాన్ని జాకీలతో లేపి, అదే జాతి చెట్టు దుంగ తెచ్చి, పాత మూలలకి సరిపోయేలా గొడ్డలితో చెక్కి కూర్చోబెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లు అంత సులువుగా దొరకరు. అదే ఏటా ఒక మనిషి వెళ్లి గోడ చుట్టూ మట్టి లాగేసి, కప్పు చూసి, దుంగల మధ్య సందులు పూడిస్తే ఇంత తతంగం అవసరమే ఉండదు.

చాలా పాత రేంజర్ క్యాబిన్లని ఫారెస్ట్ సర్వీస్ ఇప్పుడు రాత్రికింత అని అద్దెకిస్తోంది. చరిత్రని హోటల్ చేస్తున్నారని కొందరికి కోపం. మాకైతే ఇది సరైన పనే అనిపిస్తోంది, మనిషి పడుకునే చోట కప్పు కారితే మర్నాడే ఫిర్యాదు వస్తుంది. అయితే ఆల్టా లాంటి చిన్న గదులు అద్దెకి పనికిరావు, వాటికి అద్దె డబ్బులూ రావు. వాటి మరమ్మతులకి దాతల కోసం చూడకుండా శాఖ బడ్జెట్‌లోనే ఏటా ఇంత అని రాసిపెట్టాలి.