బర్ బ్లాక్‌లో ప్రతి రంధ్రం నింపాలా?

క్లినిక్ పెట్టే డెంటిస్టులు కుర్చీ గురించి, ఎక్స్‌రే గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. పన్ను తొలిచే చిన్న మొనలు, అంటే బర్లు, ఎలా సర్దాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. వాటిని నిలబెట్టే రంధ్రాల స్టాండు, అదే బ్లాక్, పెద్దది ఒకటి కొని, ఉన్నవన్నీ దానికి గుచ్చి ట్రే మీద పెట్టేస్తారు. నా గొడవంతా ఆ పెద్ద బ్లాక్‌తోనే.

చిన్న ఫిల్లింగ్ అనుకోండి. వాడేది ఒక రౌండ్ బర్, మహా అయితే ఇంకో రెండు. బర్‌ని తిప్పే ఎయిరోటర్ నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటే, ఉమ్మీ రక్తమూ కలిసిన తుంపర పక్కనే ఉన్న బర్లన్నిటి మీదా పడుతుంది. తర్వాత కడిగేది వాడిన మూడింటినే! మిగతావి "ముట్టుకోలేదు కదా" అని తర్వాతి పేషెంటు దాకా అలాగే ఉంటాయి. కొందరు స్పిరిట్‌తో తుడిచి చేతులు దులుపుకుంటారు. స్పిరిట్‌కి స్పోర్లు, అంటే కొన్ని బ్యాక్టీరియాల మొండి రూపాలు, చావవు. క్రిముల్ని చంపే 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచినా స్టెరిలైజ్ కావాలంటే 10 గంటలు పడుతుంది, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య అంత టైమ్ ఎవరికుంది?

అందుకే ఆకారాన్ని బట్టి కాదు, పనిని బట్టి సర్దమంటాను. ఫిల్లింగ్‌కి ఒక చిన్న బ్లాక్, రూట్ కెనాల్ ఓపెనింగ్‌కి ఒకటి, క్యాప్ కోసం పన్ను అరగదీయడానికి ఇంకొకటి. ఒక్కోదాంట్లో ఐదారు బర్లు చాలు. పని అయ్యాక మొత్తం బ్లాక్‌ని శుభ్రం చేసి, ఆరబెట్టి, పౌచ్‌లో పెట్టి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో వేయాలి. ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. కార్బన్ స్టీల్ బర్లకి తడి తగిలితే తుప్పు ఖాయం, ఆ మరక పక్కవాటికీ అంటుతుంది. శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మిషన్‌లో బర్లు విడిగా వేస్తే ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పోతాయి, కాబట్టి అక్కడా హోల్డర్ ఉండాల్సిందే.

రంగు రింగుల సంగతి కొత్త అసిస్టెంట్‌కి మొదటి రోజే చెప్పండి. డైమండ్ బర్‌కి ఆకుపచ్చ రింగు ఉంటే గరుకు, ఎరుపైతే సన్నం, పసుపైతే ఇంకా సన్నం. అదే ఎరుపు రూట్ కెనాల్ ఫైల్ మీద ఉంటే 25 నంబర్. ఈ తేడా చెప్పకుండా "రెడ్‌ది ఇవ్వమ్మా" అని, తప్పుది ఇచ్చిందని పేషెంటు ముందు కసురుకుంటే ఎలా?

"అన్ని సెట్లు కొనాలంటే ఖర్చు కదండీ" అంటారు. నిజమే, కొంత అవుతుంది. కానీ పెద్ద బ్లాక్‌లో ఏది కొత్తదో, ఏది అరిగిందో తెలిసే దారే లేదు. అరిగిన బర్‌తో గట్టిగా నొక్కుతాం, వేడి పుడుతుంది, ఆ దెబ్బ పన్ను లోపల నరం ఉండే పల్ప్‌కి తగులుతుంది. చిన్న సెట్ అయితే ఎన్నిసార్లు వాడామో పౌచ్ మీద రాసుకోవచ్చు. మొద్దుబారినదాన్ని మళ్లీ బ్లాక్‌కి గుచ్చకండి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ చెప్పే, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేసేయండి.