మహారాజశ్రీ కుండపెంకు గారికి

మహారాజశ్రీ కుండపెంకు గారి సముఖానికి, హన్మకొండ నుంచి మీ శిష్యురాలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమా అని అడగను. మీరు క్షేమంగా ఉంటే ఇంకా కుండగానే ఉండేవారు, నాకు ఈ చదువు తప్పేది.

మన పరిచయం పెద్దపల్లి దిక్కు మా అమ్మమ్మ ఊళ్లో జరిగింది. ఊరి బయట పాటిగడ్డ ఉండేది, అంటే ఎప్పటిదో పాత ఊరు మట్టయిపోయిన దిబ్బ. బూడిద, ఎముకలు కలిసిన మన్ను చేనుకు బలమని ఎండాకాలం ట్రాక్టర్లకెత్తి తోలుకునేవాళ్లు. అట్లా ఒక ట్రాక్టరు వెనక మీరు జారిపడ్డారు. లోపల నలుపు, బయట ఎరుపు, నా అరచేతిలో సగం ఉన్నారు. మిమ్మల్ని బండ మీద అరగదీసి గుండ్రంగా చేసి తొక్కుడుబిళ్లకు వాడుకున్నాను. ఎన్ని ఆటలు గెలిపించారో! ఆ తర్వాత ఏళ్లకేళ్లు నా కంపాస్ బాక్సులోనే ఉన్నారు.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగకుండా నేను విదేశం పోయి క్లాసికల్ ఆర్కియాలజీలో మాస్టర్స్ చేశాను. అంటే గ్రీకులు, రోమన్లు వదిలేసిపోయిన వాటి చదువు. "వేయి స్తంభాల గుడి ఇంటి పక్కనే పెట్టుకొని, విరిగిన స్తంభాలు చూడ్డానికి అంత దూరం పోవుడెందుకు బిడ్డా?" అన్నాడు బాపు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. దానికి ఎదురు చెప్పే జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

గ్రీకు వస్తే చాలనుకున్నాను. లాటిన్ కూడా కావాలన్నారు. అదీ మొదలుపెట్టాక, పాత నివేదికలు సగం జర్మన్లో ఉన్నాయి కదా, అదీ నేర్చుకోమన్నారు. మూడు భాషలు నేర్చుకొని చివరికి చదివిందల్లా మీ గురించే. బంగారం కాదు, విగ్రహాలు కాదు, పెంకులు! తవ్వకానికి తీసుకుపోతే తాపీ ఇస్తారనుకున్నాను, బకెట్టు నీళ్లు, పాత టూత్‌బ్రష్ ఇచ్చారు. మిమ్మల్ని తోమాలి. విరిగిన వైపు ఇంకా జాగ్రత్తగా తోమాలి, మట్టి ఎలాంటిదో అక్కడే కదా తెలిసేది! నీడన ఆరబెట్టాలి. ఆరాక ఒంటి మీద చీమతలకాయంత అక్షరాలతో గుంట నంబరు, పొర నంబరు రాయాలి. నా పళ్లు నేను అంత శ్రద్ధగా ఎన్నడూ తోముకోలేదు.

మీలోనూ కులం ఉందని అప్పుడే తెలిసింది. అంచు ముక్కగా పుడితే రాజభోగం. వృత్తాలు గీసిన కాగితం మీద తిప్పి తిప్పి మూతి ఎంత వెడల్పో చూస్తారు, ఒక సగం కోసినట్టు, ఇంకో సగం బయటి నుంచి బొమ్మ గీస్తారు. ఒట్టి కడుపు ముక్క అయితే లెక్కపెట్టి, తూకం వేసి, సంచిలో పడేస్తారు. మన రేషన్ దుకాణమే నయం.

ఏథెన్స్‌లో మీ వాళ్ల దర్జా చెప్పనక్కర్లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో వెలివేయాల్సిన నాయకుడి పేరు పెంకు మీద గీకి వేసేవాళ్లు. ఓట్లు 6,000 పడ్డాయా, ఎక్కువ పెంకుల మీద పేరు పడ్డవాడు పదేళ్లు ఊరు విడవాల్సిందే. ఆ ఊరి కోటకొండ ఆక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో అలాంటి పెంకులు 190 దొరికాయి, అన్నిటి మీదా థెమిస్టోక్లీస్ అనే నాయకుడి పేరే. చేతిరాతలు పోల్చి చూస్తే రాసింది పద్నాలుగు మందే. ముందే రాసి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. పోలింగుకు ముందు రాత్రి మా వాడలో ఏమేం పంచుతారో చూసిన పిల్లను కాబట్టి, కోర్సు మొత్తంలో ఈ ఒక్క పాఠం నోట్స్ లేకుండా అర్థమైంది.

అసలు కోపం వచ్చింది మాత్రం మ్యూజియంలో. అద్దాల పెట్టెలో, లైటు కింద, నలుపు ఎరుపుల గ్రీకు కుండ. కొలిమిలోకి మొదట గాలి వదిలి, తర్వాత మూసి పొగ పట్టించి, మళ్లీ గాలి వదిలితే బొమ్మ నల్లగా నిలిచి మిగతాది ఎర్రబడుతుందట. మట్టిలోని ఇనుము, పైన గాలి, ఇంతే రహస్యం. మీ కుమ్మరి చేసిందీ ఆ ఆటే కదా? కుండను బోర్లించి కాల్చాడు, గాలి అందని లోపలివైపు నల్లబడింది, అందిన బయటివైపు ఎర్రబడింది. అక్కడి కుమ్మరి "ఎక్సేకియాస్ నన్ను చేశాడు" అని కుండ చేతే చెప్పించుకున్నాడు. సంతకం చేయని వాళ్లకు కూడా, చెవులూ మడమలూ గీసిన తీరు పట్టి "బెర్లిన్ పెయింటర్" లాంటి పేర్లు పెట్టారు. మీ కుమ్మరికి దొరికింది ట్రాక్టరు. ధూళికట్ట, పెద్దబొంకూర్, కోటిలింగాల అంటూ శాతవాహనుల జాడలు వరసగా బయటపడ్డ దిక్కు అది. మా అమ్మమ్మ ఊరి పాటిగడ్డ మాత్రం పత్తిచేలల్లో కలిసిపోయింది.

సెలవుల్లో ఇంటికొస్తే పక్కింటి పెద్దమ్మ అడిగేది ఒక్కటే. "లంకెబిందెలు దొరికినయా బిడ్డా?" పెంకులు దొరికినయి పెద్దమ్మా అంటే, నా మొఖం చూసి మా అమ్మకు ధైర్యం చెప్పి పోతుంది. పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల ముందు మాత్రం మా అమ్మ "హిస్టరీ" అని చెప్పి ఊరుకుంటుంది.

ఇంతకూ ఒక ఒప్పుకోలు. మొన్న మిమ్మల్ని కంపాస్ బాక్సులోంచి తీసి, నేర్చుకున్నదంతా పెట్టి చూశాను. ఏ పొరలో ఉన్నారు, పక్కన ఎవరున్నారు, కింద ఏముంది? ఒక్కటీ చెప్పలేను. తీసిన దొంగను నేనే, అంచులు అరగదీసిందీ నేనే. మన దేశపు తవ్వకాల నివేదికల్లో ఇలాంటి బిళ్లల్ని హాప్‌స్కాచ్‌లని రాస్తారు, అంటే తొక్కుడుబిళ్లలే. మిమ్మల్ని నివేదికలో ఎక్కించాలంటే, అరగదీసిన కాలం శాతవాహనులదా, నా ఐదో తరగతిదా అన్నది కూడా రాయాలి.

ఆ మాట ఆలోచిస్తూ మిమ్మల్ని వరండా గోడ మీద పెట్టి లోపలికి పోయి వచ్చేసరికి మీరు లేరు. మా అమ్మను అడిగాను. "తులసి కుండీ అడుగున తూటుకు అడ్డం పెట్టిన, నీళ్లు పోవాలె, మన్ను పోవద్దు. సరిగ్గ సరిపోయింది" అంది.

నోట్‌బుక్ తీసి తేదీ వేసి రాసుకున్నాను: ప్లాస్టిక్ కుండీ, తులసి, అడుగున నలుపు ఎరుపు పెంకు ఒకటి, బోర్లా.

ఇట్లు,
మీ అంచులు అరగదీసిన దానను