గ్లాసు ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది

తాగేవాడికి బుద్ధి ఉండాలి గానీ ప్రభుత్వం ఏం చేస్తుంది? మద్యం ప్రస్తావన వస్తే చాలు, ఈ మాట వినిపిస్తుంది. ఎవరి బతుక్కి వాళ్లదే పూచీ అనే వాదం చిన్నదేం కాదు. మన దేశంలో దాన్ని పార్టీగా నిలబెట్టినవాళ్లు రాజాజీ (సి. రాజగోపాలాచారి), నిడుబ్రోలు రైతు కుటుంబం నుంచి వచ్చిన ఎన్.జి. రంగా. రైతుల పొలాలు కలిపి ఉమ్మడిగా చేసే సహకార సాగు మీద కాంగ్రెస్ నాగపూర్ తీర్మానాన్ని కాదని 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా దానికి తొలి అధ్యక్షుడు. పొలం తనదైతేనే రైతుకు మంచిచెడ్డల బాధ్యత ఉంటుందని, ప్రతిదానికీ పర్మిట్ కోసం చెయ్యి చాచే మనిషికి అది అలవడదని వాళ్ల నమ్మకం.

అదే రాజాజీ 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు) సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. పొలం దగ్గర నమ్మిన మనిషిని కల్లు ముంత దగ్గర ఎందుకు నమ్మలేదు? ఆయన వాదంలో దీనికి పూర్తి జవాబు లేదనే మేం అనుకుంటున్నాం. తాగుడు కుటుంబాన్ని ముంచుతుంది కాబట్టి అంటారా, పొలం పోయినా వీధిన పడేది పెళ్లాంబిడ్డలే కదా! అయితే ఒకటి ఒప్పుకోవాలి. నీతి చెప్పి ఊరుకోకుండా దాని ఖర్చు కూడా ఆయన నెత్తిన వేసుకున్నారు. పోయిన ఎక్సైజ్ రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. (ఆ నిషేధం ఎప్పుడో పోయింది. పన్ను మాత్రం పేర్లు మార్చుకుంటూ మనల్ని వదల్లేదు.)

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. కుటుంబం, ఊరు కలిసి మనిషిని అదుపులో పెట్టాలని సంప్రదాయవాదులు పుస్తకాల్లో రాసుకున్నదాన్ని వీళ్లు వీధిలో చేసి చూపించారు. అయినా అది మొగుళ్లకు బుద్ధి చెప్పడంతో ఆగలేదు. కొట్టు ఉన్నంతకాలం ఆ బుద్ధి నిలవదని వాళ్లకు తెలుసు. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అన్నారు, నిషేధం సడలింది.

ఇప్పుడు పూచీ అంతా తాగేవాడిదే, రాబడి సర్కారుది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులకు లాటరీ తీసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, షాపు రాకపోయినా తిరిగివ్వని రుసుము. తెలంగాణలోనూ ఇదే లాటరీ పద్ధతి.

మళ్లీ సంపూర్ణ నిషేధం పెట్టమని మేం అడగడం లేదు. దొంగసారా, పొరుగు రాష్ట్రాల సరుకు ఎలా పొంగిపొర్లాయో చూశాం. కానీ జనానికి బాధ్యత గురించి చెప్పేవాళ్లు తమ వంతు లెక్క ముందు చూపించాలి. వచ్చే బడ్జెట్‌లో మద్యం రాబడి అంచనా ఎంత తగ్గిస్తారు, ఆ లోటు ఎక్కడ పూడుస్తారు, మందు మాన్పించే కేంద్రాలకు ఎంత ఇస్తారు? రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ శాసనసభలో చెప్పాలి.