విరాటపర్వంలో అద్దె ఇల్లు

నన్నయ అరణ్యపర్వంలో ఆగిపోతే, మిగిలిన అడవి జోలికి పోకుండా తిక్కన నేరుగా విరాటపర్వం ఎందుకు ఎత్తుకున్నాడని పండితులు తర్జనభర్జన పడుతుంటారు. నెల్లూరులో మూడు వారాలు అద్దె ఇంటికోసం తిరిగినవాడిగా ఆ చర్చను ముగించే అర్హత నాకు వచ్చింది. తిక్కనది నెల్లూరు. విరాటపర్వమేమో ఐదుగురు మగవాళ్లు, ఒక ఆడమనిషి, పేర్లూ పనులూ దాచుకుని పరాయి ఊళ్లో తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్న కథ. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గోత్రం విరాటుడూ అడిగాడు. కాకపోతే కంకుభట్టు వేషంలోని ధర్మరాజు చెప్పింది చెప్పినట్టు నమ్మాడు. దర్గామిట్టలో అలా నమ్మరు. "మీ ఇంటిపేరు ఏమిటండీ?" అని మొదలవుతుంది. చెప్పాను. "ఆ ఇంటిపేరు రెండు వైపులా ఉంటుందే" అని పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. సొంత ఊరు, మేనమామల ఊరు, మా చెల్లెల్ని ఇచ్చిన ఊరు దాటాక సందేహం తీరింది. "మాకు పట్టింపులేవీ లేవు, ఊరికే అడిగాను" అన్నారు. ఆ వాక్యం వినగానే చెప్పులు వేసుకోవాలని అప్పటికే తెలుసుకున్నాను. అమెరికాలో ఉన్న అబ్బాయి ఆ ఇంటికోసమే ఆ క్షణాన బయలుదేరి ఉంటాడు.

వేదాయపాళెంలో ఇల్లు నచ్చింది, ఇంటావిడకు నేనూ నచ్చాను. షరతు ఒక్కటే, నీచు వండకూడదు. హైదరాబాదులో సగం హోటళ్లు ఏ ఊరి పేరు బోర్డు మీద రాసుకుని చేపల పులుసు అమ్ముకుంటున్నాయో, ఆ ఊళ్లోనే ఈ మాట విన్నాను. మామిడికాయ ముక్కలు వేసి కాచి, మర్నాటికి దాచుకుని తినే పులుసుకు నెల్లూరులో పుట్టినిల్లు ఉంది, అద్దె ఇల్లు మాత్రం లేదు. వంటవాడి వేషంలో భీముడు, అదే వలలుడు, వచ్చి అడిగినా గరిటె గుమ్మం బయట పెట్టించి ఉండేవారు.

బ్రహ్మచారుల సంగతి చెప్పనవసరం లేదు. వందేళ్లు దాటిన వి.ఆర్. కళాశాల, 2008లో వచ్చిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, సందుకొక కోచింగ్ సెంటరు. ఊరు బతికేది చదువుకునే పిల్లల మీద. వాళ్లకు మాత్రం ఇల్లు ఇవ్వరు. ఇంటర్ చదివే కొడుకుకు అన్నం వండడానికి పల్లె నుంచి వచ్చిన తల్లి కనిపిస్తే అదే గేటు బార్లా తెరుచుకుంటుంది. రెండేళ్లు కదలదు, టీవీ పెట్టదు, చుట్టాలను రానివ్వదు. ఇంటి యజమానులు కోరుకునే ఆదర్శ గృహిణి ఆవిడే.

ఇక ఒప్పందం. ఏడాది మించిన అద్దె పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి చట్టం చెబుతుంది. అందుకే యజమానుల పంచాంగంలో సంవత్సరానికి 11 నెలలే. పాండవులు ఇక్కడ దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. అజ్ఞాతవాసం 12 నెలలు, అగ్రిమెంటు 11. పన్నెండో నెల మొదటి రోజునే సామాను వీధిలో ఉండేది, జమ్మిచెట్టు మీది ఆయుధాలతో సహా. గుట్టు బయటపడి మళ్లీ పన్నెండేళ్లు అడవి. అడ్వాన్సు గోడలకు సున్నం వేయించడానికే సరిపోయిందని ధర్మరాజుకు చెప్పేవారు, ఆయన నమ్మేవాడు కూడా.

ఎలాగో ఒక ఇల్లు దొరికింది. మేడ మీద రెండు గదులు, నీళ్లు పొద్దున్న గంటసేపు. అందుకే రొట్టెల పండగకు బారాషహీద్ దర్గాకు వెళ్లి, స్వర్ణాల చెరువులో మోకాలి లోతున నిలబడ్డాను. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. ఆ నీళ్లలో ఇంటిపేరు అడిగినవాళ్లు లేరు. "స్వగృహ రొట్టె ఎవరిస్తున్నారండీ?" అని కేకేశాను. జనం మధ్యనుంచి ఒక చేయి ముందుకు వచ్చింది. మా ఇంటాయన. మూడో ఇల్లు మొన్ననే గృహప్రవేశమైందట.

రొట్టె నా చేతిలో పెట్టి, "ఐదో తేదీ వచ్చేసింది, గుర్తుందా?" అన్నారు.